పాత ప్రోగ్రాములు నడవాలి, కొత్త ప్రాసెసర్ కావాలి

పోయిన నెల డేటా సెంటర్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి. ఆ సర్వర్ల లోపల ఉండే ప్రాసెసర్ ఏమిటి, దాన్ని ఎవరు చేస్తారు, ఎందుకంత ఖరీదు అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే. అన్ని కంపెనీల చరిత్రా ఈ పేజీల్లో పట్టదు కాబట్టి ఇంటెల్‌తో పోటీపడే ఏఎండీ కంపెనీ వారి సర్వర్ ప్రాసెసర్ ఆప్టెరాన్‌ని, దాని తరవాత వచ్చిన ఎపిక్‌ని పట్టుకుని జవాబులు రాస్తున్నాను. నా ఉద్యోగమంతా సర్వర్ రూముల్లోనే గడిచింది. ఈ ప్రాసెసర్లు రావడం, దాదాపు కనుమరుగైపోవడం, మళ్లీ లేచి నిలబడడం అన్నీ చూసినదాన్ని. మా రంగంలో చదువుకునే పిల్లలకి ఇంతకంటే ఉపయోగపడే కథ ఇంకోటి లేదని గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఇరవై వేలకి దొరుకుతోంది. సర్వర్ ప్రాసెసర్ ఒక్కటే లక్షల్లో ఉంటుందట. లోపల అంత తేడా ఏముంటుంది మేడమ్?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: లెక్కలు చేసే కోర్‌లో తేడా నువ్వు అనుకున్నంత ఉండదమ్మా. ఏఎండీ విషయంలో అయితే డెస్క్‌టాప్ రైజెన్‌లో ఉండే జెన్ కోరే సర్వర్ ఎపిక్‌లోనూ ఉంటుంది. తేడా అంతా కోర్ చుట్టూ ఉన్నదానిలో. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి మెమరీతో మాట్లాడడానికి రెండు చానెళ్లు ఉంటాయి. 2022లో వచ్చిన ఎపిక్ జెనోవాకి 12. ఒక్క ప్రాసెసర్‌కి 6 టెరాబైట్ల వరకు మెమరీ తగిలించవచ్చు. నెట్‌వర్క్ కార్డులు, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డులు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులు 128. డెస్క్‌టాప్‌లో అవి రెండు డజన్లకి అటూఇటూ.

అన్నింటికంటే నేను ముందు చూసేది ఈసీసీ, అంటే మెమరీలో తప్పులు పట్టుకునే ఏర్పాటు. మెమరీలో ఒక్కోసారి ఒక బిట్ దానంతటదే 0 నుంచి 1కి మారిపోతుంది. నీ ఫొటోలో అయితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ తెలియదు. బ్యాంకు సర్వర్‌లో అయితే ఎవరి ఖాతాలోనో అంకె మారుతుంది. ఈసీసీ ఉన్న మెమరీ ఒక బిట్ తప్పుని అక్కడికక్కడే సరిచేస్తుంది, రెండు బిట్లు తప్పితే తప్పు జరిగిందని చెబుతుంది. పొద్దున డ్యూటీకి రాగానే మేము మొదట చూసేది ఆ తప్పులు నమోదయ్యే లాగ్ ఫైలునే. ఏ స్లాట్‌లోని మెమరీ ముక్కలో సరిచేసిన తప్పులు పెరుగుతున్నాయో చూసి, అది పూర్తిగా పోయేలోపే మార్చిస్తాం. ఇక ధరలో కొంత భాగం మార్కెట్‌ది. కొనేవాళ్లు కంపెనీలు కాబట్టి ఆ ధర పలుకుతుంది. అది కూడా తెలుసుకోవాలి.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్. ఉబుంటు డౌన్‌లోడ్ చేస్తే ఫైలు పేరులో ‘ఏఎండీ64’ అని ఉంది. పొరపాటున వేరే ఫైలు తీసుకున్నానేమో అని టెన్షన్ పడ్డాను. ఇన్‌స్టాల్ చేస్తే బాగానే నడిచింది. ఇదెలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: మీరు సరైన ఫైలే తీసుకున్నారు. ఆ పేరు వెనక పదేళ్ల పోటీ ఉంది. అది కాస్త విపులంగా చెప్పాలి.

1990లలో ఎక్స్86 ప్రాసెసర్లన్నీ, అంటే ఇంటెల్, ఏఎండీ పీసీ ప్రాసెసర్లకి అర్థమయ్యే ఆదేశాల భాషతో నడిచేవన్నీ, 32 బిట్లవి. 32 బిట్ల చిరునామాతో ఒక ప్రోగ్రాము చూడగలిగేది 4 గిగాబైట్ల మెమరీ. ఇళ్లలో అప్పటికి అది ఊహకందని మొత్తం. డేటాబేస్ సర్వర్లకి మాత్రం ఆ గోడ దగ్గరికి వచ్చేసింది. 64 బిట్లకి మారక తప్పదని అందరికీ తెలుసు. ఎలా మారాలన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

ఇంటెల్, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి 1994లో పూర్తిగా కొత్త ప్రాసెసర్ మొదలుపెట్టాయి. అదే ఇటానియం. మామూలు ప్రాసెసర్ ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే ఏ ఆదేశం దేనికోసం ఆగాలి, ఏవి కలిపి నడపవచ్చు అని తనే చూసుకుంటుంది. అందుకు చిప్‌లో చాలా చోటు, కరెంటు ఖర్చవుతాయి. ఇటానియం ఆ పనిని కంపైలర్‌కి, అంటే మనం రాసిన ప్రోగ్రాముని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి, అప్పగించింది. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే ఆదేశాలని మూడేసి చొప్పున కట్టలు కట్టి, వేటిని ఒకేసారి నడపవచ్చో అందులోనే రాసిపెట్టాలి. ఆలోచన గొప్పది. ఇబ్బంది ఎక్కడంటే, కావలసిన డేటా క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) ఉంటుందా, దూరంగా మెమరీలో ఉంటుందా అన్నది నడిచే క్షణం దాకా తెలియదు. కంపైలర్ ఎంత తెలివైనదైనా దాన్ని ముందే చెప్పలేదు. ఆ ఒక్క డేటా రావడం ఆలస్యమైతే కట్టలన్నీ ఆగిపోతాయి. మొదటి ఇటానియం చాలా ఆలస్యంగా 2001లో వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రాములు దాని మీద నడిచేవి గానీ చాలా నెమ్మదిగా.

ఏఎండీకి కొత్త భాషని లోకం మీద రుద్దే బలం లేదు. అందుకని ఉన్న ఎక్స్86నే 64 బిట్లకి సాగదీసింది. 1999లో ఆ సంగతి ప్రకటించి, 2000లో పూర్తి వివరాలు అందరికీ విడుదల చేసింది. లెక్క చేసేటప్పుడు అంకెలు పెట్టుకునే రిజిస్టర్లు వెడల్పయ్యాయి, 8 నుంచి 16 అయ్యాయి. అసలైన గొప్ప ఏమిటంటే, 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ మీద పాత 32 బిట్ల ప్రోగ్రాము ఏమాత్రం మార్చకుండా పూర్తి వేగంతో నడుస్తుంది. చిప్ ఇంకా తయారవక ముందే దాని సిమ్యులేటర్ ఒకటి సిద్ధం చేసి, మీ ఉబుంటుకి మూలమైన లినక్స్ రాసేవాళ్లు దాని మీదే పని మొదలుపెట్టేలా చూశారు. 2003 ఏప్రిల్ 22న ఆప్టెరాన్ బయటికి వచ్చేసరికి దానికి లినక్స్ సిద్ధంగా ఉంది.

నేను అప్పట్లో ఒక సంస్థ సర్వర్ రూములో జూనియర్‌ని. ఆఫీసులో జీతాల లెక్కలు చేసే ప్రోగ్రాము ఒకటి ఉండేది. దాన్ని రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశారు, సోర్స్ కోడ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రతి నెలా ఆఖరి తేదీన అది నడవాల్సిందే. ఇలాంటి ప్రోగ్రాము లేని ఆఫీసు నేను ఇంతవరకు చూడలేదు. అలాంటి చోట ‘ప్రోగ్రాములన్నీ కొత్తగా కంపైల్ చేసుకోండి, అద్భుతమైన వేగం వస్తుంది’ అంటే ఎవరు ఒప్పుకుంటారు? ‘ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి, 64 బిట్లకి మీకు వీలైనప్పుడు మారండి’ అన్నవాళ్ల మాటే వింటారు. ఆప్టెరాన్ గెలిచింది ఇక్కడే అని నా అభిప్రాయం.

వేగంలోనూ తక్కువేం కాదు. అప్పటి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు, అంటే జియాన్‌లు, మెమరీ కావాలంటే మదర్‌బోర్డు మీద ఉన్న వేరే చిప్ దాకా, అందరూ పంచుకునే ఒకే తీగల దారి (బస్) మీద వెళ్లాలి. ఆప్టెరాన్ మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికే తెచ్చింది. ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి హైపర్‌ట్రాన్స్‌పోర్ట్ అనే సొంత దారిలో మాట్లాడుకునేవి. రెండు, నాలుగు ప్రాసెసర్లున్న సర్వర్లలో ఈ తేడా బాగా కనిపించేది.

2004 ఫిబ్రవరిలో ఇంటెల్ కూడా అదే పద్ధతిలో 64 బిట్ల జియాన్ తెస్తున్నట్టు ప్రకటించింది. ఏఎండీ రాసిన ఆదేశాలే కొద్దిపాటి తేడాలతో అందులోనూ ఉన్నాయి. అందుకే మీ ఇంటెల్ లాప్‌టాప్‌కి కూడా ఆ పేరున్న ఫైలే. ఇటానియం చివరి ప్రాసెసర్ 2017లో వచ్చింది, సరఫరా 2021 జులైలో ఆగింది. 2024 మొదట్లో విడుదలైన లినక్స్ 6.7 నుంచి దాని కోడ్ తీసేశారు. ఇటానియం మీద పనిచేసినవాళ్లని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. అది నడిపిన పెద్ద యంత్రాలు ఏళ్ల తరబడి ఆగకుండా సేవ చేశాయి.

ప్రశ్న: ఆప్టెరాన్ అంత మంచిదైతే మధ్యలో ఎందుకు మాయమైంది?
– రిటైర్డ్ టెలికాం ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: 2006 నాటికి ఎక్స్86 సర్వర్ ప్రాసెసర్లలో దాదాపు పావు వంతు ఏఎండీవే. పదేళ్ల తరవాత అది 1 శాతం లోపుకి పడిపోయింది. ఒక్క దెబ్బకి జరిగింది కాదండీ.

మొదటిది బార్సిలోనా అనే నాలుగు కోర్ల ఆప్టెరాన్. 2007 సెప్టెంబరులో విడుదలయ్యాక దాని టీఎల్‌బీకి, అంటే మెమరీ చిరునామాలని గుర్తుపెట్టుకునే భాగానికి, సంబంధించిన లోపం బయటపడింది. అరుదైన సందర్భంలో యంత్రం ఆగిపోవచ్చు, డేటా చెడిపోవచ్చు. యంత్రాన్ని మొదట లేపే సాఫ్ట్‌వేర్ బయాస్‌లో సర్దుబాటు చేస్తే లోపం తప్పుతుంది గానీ వేగం తగ్గుతుంది. సరిచేసిన చిప్ 2008లో గానీ రాలేదు. అరుదే కదా అని ఇంట్లో వాడేవాళ్లు సరిపెట్టుకోవచ్చు. సర్వర్ కొనేవాళ్లు సరిపెట్టుకోరు. యంత్రం ఆగితే మళ్లీ లేపుతాం, చెడిపోయిన డేటాని ఎక్కడని వెతుకుతాం?

రెండోది, 2009 మార్చిలో ఇంటెల్ కూడా జియాన్ 5500లో మెమరీ కంట్రోలర్‌ని లోపలికి తెచ్చేసింది. ఆప్టెరాన్‌కి ఉన్న పెద్ద బలం అక్కడితో పోయింది. మూడోది బుల్‌డోజర్. 2011లో వచ్చిన ఆ డిజైన్‌లో రెండేసి కోర్లు దశాంశ లెక్కలు చేసే ఒక ఫ్లోటింగ్ పాయింట్ భాగాన్ని పంచుకుంటాయి. కాగితం మీద 16 కోర్లు. ఒక్కో కోర్ చేసే పని మాత్రం ఇంటెల్ కోర్ కంటే బాగా తక్కువ. ఈలోగా 2006లో గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఏటీఐని 540 కోట్ల డాలర్లకి కొన్న భారం, సొంత ఫ్యాక్టరీలని మోయలేక 2009లో గ్లోబల్‌ఫౌండ్రీస్‌గా విడగొట్టడం. 2012 చివర ఆప్టెరాన్ 6300 వచ్చాక, పెద్ద సర్వర్లకి మళ్లీ సరైన కొత్త చిప్ 2017 దాకా లేదు.

విచిత్రంగా, పేరు ఎక్కువ మోగింది కూడా ఈ కాలంలోనే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో జాగ్వార్ 2009 నవంబరులో, టైటన్ 2012 నవంబరులో ప్రపంచ సూపర్‌కంప్యూటర్లలో మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ ఆప్టెరాన్‌లతో నడిచినవే. సూపర్‌కంప్యూటర్ ప్రాజెక్టులు ఏళ్ల ముందే ఖాయమవుతాయి. ఆఫీసుల కొనుగోళ్లు అలా కాదు. నేను పనిచేసిన చోట టెండర్ కాగితాల్లో ఏఎండీ అన్న మాటే కనిపించడం మానేసింది. ఎవరూ నిషేధించలేదు. అడిగేవాళ్లు లేకపోయారు, అంతే.

ప్రశ్న: చిప్లెట్ అంటే ఏమిటి? ఒకే పెద్ద చిప్ చేసే బదులు ముక్కలుగా చేసి అతికితే నెమ్మదిగా ఉండదా? మా క్లాసులో దీని మీద పెద్ద చర్చ జరిగింది.
– ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, అనంతపురం

జవాబు: ఉంటుంది. ఆ నష్టాన్ని తెలిసే ఒప్పుకున్నారు. మీ క్లాసులో రెండు పక్షాలవాళ్లూ సగం సగం సరైనవాళ్లే.

2012లో చిప్ డిజైనర్ జిమ్ కెల్లర్ ఏఎండీకి తిరిగి వచ్చారు, మైక్ క్లార్క్ నాయకత్వంలో జెన్ అనే కోర్ డిజైన్ మొదలైంది. 2014 అక్టోబరులో లిసా సు సీఈఓ అయ్యారు. చేతిలో డబ్బు తక్కువ. డెస్క్‌టాప్‌కి ఒక చిప్, చిన్న సర్వర్‌కి ఒకటి, పెద్ద సర్వర్‌కి ఇంకొకటి విడివిడిగా డిజైన్ చేసే స్తోమత లేదు. 8 కోర్లున్న ఒకే డై, అంటే ఒక సిలికాన్ ముక్క (చిప్లెట్ అనేది ఇలాంటి ముక్కనే), చేసి, డెస్క్‌టాప్‌లో ఒకటి పెట్టి, సర్వర్‌లో నాలుగు కలిపి 32 కోర్లు చేశారు. 2017 జూన్ 20న వచ్చిన మొదటి ఎపిక్, అంటే నేపుల్స్, ఇదే.

ముక్కలు చేస్తే చవక ఎందుకవుతుంది? తాను గుడ్డ మీద అక్కడక్కడా సిరా చుక్కలు పడ్డాయనుకో. దుప్పట్లు కోస్తే దాదాపు ప్రతి దుప్పటికీ మరక ఉంటుంది. చేతిరుమాళ్లు కోస్తే కొన్ని పోయినా ఎక్కువ శుభ్రంగా దక్కుతాయి. డైలు కోసే సిలికాన్ పలక, అంటే వేఫర్, మీద లోపాలు కూడా అంతే. ఏఎండీ ఇంజనీర్లు తరవాత ప్రచురించిన లెక్క చూడు. నేపుల్స్‌లో ఒక్కో డై 213 చదరపు మిల్లీమీటర్లు, నాలుగూ కలిపి 852. అదే ఒకే ముక్కగా చేసి ఉంటే సుమారు 777 సరిపోయేది. అంటే ముక్కలు మాట్లాడుకోవడానికి కావలసిన సరంజామా కోసం దాదాపు 10 శాతం సిలికాన్ అదనంగా పోసినట్టే. అయినా తయారీ ఖర్చు ఒకే ముక్కకయ్యేదానిలో 59 శాతమే! పైగా ఒకే ఎక్స్‌పోజర్‌లో ముద్రించగలిగే వైశాల్యానికి 850 చదరపు మిల్లీమీటర్ల దగ్గర హద్దు ఉంది. ఒకే ముక్కగా పోయేవాళ్లు ఎలాగూ అక్కడ ఆగాలి.

ఇక నువ్వడిగిన వేగం. నేపుల్స్‌లో ఒక్కో డైకి సొంతంగా రెండు మెమరీ చానెళ్లు. ఒక డైలోని కోర్‌కి పక్క డై దగ్గరున్న మెమరీ కావాలంటే డైలని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి మీదుగా వెళ్లి తెచ్చుకోవాలి, ఆలస్యం. కొన్ని డేటాబేస్‌లకి ఇది స్పష్టంగా తెలిసేది. పోటీదారులు దీన్నే ఎత్తిచూపారు. నాలుగు డెస్క్‌టాప్ డైలని అతికించారని ఇంటెల్ తన స్లైడ్‌లో రాసింది. అంతకు పదేళ్ల ముందు, ఇంటెల్ రెండు డైలు కలిపి నాలుగు కోర్లు చేసినప్పుడు, మాది అసలైన నాలుగు కోర్ల చిప్ అని బార్సిలోనా గురించి చెప్పుకున్నది ఏఎండీ. ఇంజనీరింగ్‌లో ఏది సరైనదన్నది ఆ ఏడాది లెక్కల మీద ఆధారపడుతుంది. నువ్వు నేర్చుకోవలసింది ఆ లెక్క.

నాకు అన్నింటికంటే అందంగా అనిపించే డిజైన్ దాని తరవాతిది, 2019 ఆగస్టులో వచ్చిన రోమ్. మెమరీ కంట్రోలర్లు, పీసీఐ దారులు అన్నీ తీసి మధ్యలో ఒక పెద్ద డైలో పెట్టారు. దాని చుట్టూ కోర్లు మాత్రమే ఉన్న ఎనిమిది చిన్న డైలు. చిన్నవి తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 7 నానోమీటర్ల ప్రక్రియలో (అంకె తగ్గేకొద్దీ కొత్త ప్రక్రియ), ఒక్కొక్కటి 74 చదరపు మిల్లీమీటర్లు. మధ్యలోది గ్లోబల్‌ఫౌండ్రీస్ పాత 14 నానోమీటర్లలో, 416. ఎందుకిలా? కోర్లు, క్యాష్ కొత్త ప్రక్రియలో బాగా కుదించుకుపోతాయి. బయటి తీగలతో మాట్లాడే సర్క్యూట్లు అంతగా కుదించుకుపోవు. కుదించుకుపోనిదాన్ని ఖరీదైన సిలికాన్ మీద ఎందుకు పోయాలి? పాత ప్రక్రియలోనే ఉంచేశారు. ఆ చిన్న డైలే రైజెన్ డెస్క్‌టాప్‌లలోకీ వెళ్లాయి. కోర్లన్నింటికీ మెమరీ ఒకే డై వెనక ఉంది కాబట్టి నేపుల్స్ ఇబ్బంది చాలావరకు తీరింది. 64 కోర్లు. ఇంతలో 2018 ఆగస్టులో గ్లోబల్‌ఫౌండ్రీస్ 7 నానోమీటర్ల ప్రయత్నమే మానుకుంది. చిప్‌ని ఇలా విడదీసి ఉంచకపోతే ఏఎండీ ఆ వార్తకి అల్లాడిపోయేదని నా అంచనా.

తరవాతివి త్వరగా చెబుతాను. 2021లో మిలన్, ఎనిమిది కోర్లు ఒకే 32 మెగాబైట్ల క్యాష్‌ని పంచుకుంటాయి. 2022లో దానికే క్యాష్ ముక్కలని నిలువునా పేర్చి మొత్తం 768 మెగాబైట్లు చేశారు. అదే ఏడాది నవంబరులో జెనోవా, 96 కోర్లు. 2023లో బెర్గామో, 128. 2024 అక్టోబరులో ట్యూరిన్, 192 వరకు. మీ ప్రయోగశాలలో ఎపిక్ కూర్చునే పాత ఎస్‌పీ3 సాకెట్ మదర్‌బోర్డు దొరికితే, లెక్చరర్‌ని అడిగి విప్పి చూడండి. మూడు స్క్రూల మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు తిరగేసి. కింద 4094 కాంటాక్టులు ఉన్నాయి, ఒత్తిడి ఒక పక్కకి వాలితే కొన్ని అందవు, ఏదో ఒక మెమరీ చానెల్ కనిపించదు. సర్వర్ లేవకపోతే ముందు చూడవలసినవాటిలో ఇదొకటి.

ప్రశ్న: నేపుల్స్, రోమ్, మిలన్... ఇవన్నీ ఊళ్ల పేర్లేమిటి?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: కంపెనీ లోపల పిలుచుకోవడానికి పెట్టుకున్న పేర్లు నాన్నా. ఎపిక్‌లకి ఇటలీ ఊళ్లు. అంతకుముందు ఆప్టెరాన్‌లకి బార్సిలోనా, షాంఘై, ఇస్తాంబుల్, ఇంటర్లాగోస్ లాంటివి పెట్టారు. అవి ఫార్ములా వన్ పందేలు జరిగిన చోట్లు. అట్లాస్ తీసి ఇవన్నీ ఎక్కడున్నాయో వెతుకు, భూగోళం కూడా వస్తుంది.

ప్రశ్న: మా సర్వర్ మూడేళ్లుగా ఒక్కసారి కూడా రీబూట్ చేయలేదని మా మేనేజర్ అందరికీ గొప్పగా చెబుతారు. ఇది నిజంగా మంచిదేనా?
– సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ

జవాబు: కాదు. ఇది ప్రమాదం. ఈ పేరా మీ మేనేజర్ గారికి చూపించండి.

ప్రతి ప్రాసెసర్‌కీ తయారీదారు ‘ఎర్రాటా’ అనే పత్రం విడుదల చేస్తారు. తెలిసిన లోపాలన్నీ అందులో ఉంటాయి. రోమ్ తరం ఎపిక్ పత్రంలో 1474 నంబరు లోపం చదవండి. చివరిసారి రీసెట్ అయిన దగ్గరనుంచి సుమారు 1044 రోజులకి, సీసీ6 అనే గాఢ నిద్రలోకి వెళ్లిన కోర్ మళ్లీ లేవకపోవచ్చు. 1044 రోజులంటే రెండేళ్ల పది నెలలు. దీన్ని సరిచేసే ఉద్దేశం లేదని ఏఎండీ అందులోనే రాసింది. మార్గాలు రెండు. ఆ గడువులోపు రీబూట్ చేయాలి, లేదా సీసీ6 నిద్రని ఆపేయాలి. మీ సర్వర్‌లో ఉన్నది రోమ్ అయితే గడువు దాటేసింది. సీసీ6 ఆపి ఉందో లేదో ఈరోజే చూడండి, లేకపోతే వెంటనే డౌన్‌టైమ్ అడిగి రీబూట్ పెట్టుకోండి.

రోమ్ కాకపోయినా నా మాట ఇదే. మూడేళ్లు రీబూట్ లేదంటే మూడేళ్లుగా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదు, చాలా చోట్ల కెర్నెల్ అప్‌డేట్ కూడా లేదు. 2023 జులైలో జెన్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. జెన్ 2 కోర్లున్న ప్రాసెసర్లలో ఒక ప్రోగ్రాము రిజిస్టర్లలోని సమాచారం ఇంకో ప్రోగ్రాముకి కారవచ్చు. పాస్‌వర్డులు కూడా. ప్రాసెసర్ లోపలి ఆదేశాలని సరిచేసే మైక్రోకోడ్ సవరణ వచ్చింది. దాన్ని వేసుకోని సర్వర్ ఎన్నాళ్లు నడిస్తే ఏం లాభం? రీబూట్‌కి భయపడేంతగా ఒకే యంత్రం మీద ఆధారపడి ఉంటే, అసలు సమస్య అది. రెండో యంత్రం పెట్టుకుని, పనిని దాని మీదకి మార్చి, మూడు నెలలకోసారి పగటిపూట అందరూ ఆఫీసులో ఉన్నప్పుడే రీబూట్ చేయండి. అర్ధరాత్రి చేస్తే, ఏదైనా లేవనప్పుడు సాయానికి ఎవరూ ఉండరు.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో చిప్ కంపెనీలో వెరిఫికేషన్ ఇంజనీరు. ఏం పని చేస్తావురా అంటే ‘తప్పులు వెతుకుతానమ్మా’ అంటాడు. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్‌లో ఏదో రిగ్రెషన్ పోయిందంటాడు. ఇవన్నీ ఇక్కడే తయారవుతాయా? వాడి పని ఏమిటో కాస్త చెప్పగలరా?
– గృహిణి, నల్గొండ

జవాబు: మీ అబ్బాయి నిజమే చెప్పాడమ్మా. ఆ పనే చాలా ముఖ్యమైనది.

డిజైన్ ఇంజనీర్లు చిప్‌ని ముందు ప్రోగ్రాములాంటి భాషలో రాస్తారు. అది సిలికాన్‌గా మారాక అందులో తప్పుంటే తుడిచి రాయడం కుదరదు. చిప్ ముద్రించే అచ్చులు (మాస్కులు) మళ్లీ చేయించాలి, నెలలు పోతాయి, కోట్లు పోతాయి. పైన బార్సిలోనా గురించి రాశాను కదా, అలాంటి తప్పులు బయటికి వెళ్లకముందే పట్టుకోవడం మీవాడి ఉద్యోగం. చిప్ ఇంకా లేదు కాబట్టి కంప్యూటర్‌లోనే దాని నమూనాని నడిపి, లక్షల రకాల ఆదేశాలు ఇచ్చి, జవాబు సరిగా వస్తోందా చూస్తారు. ఆ పరీక్షలన్నీ ఒక గుత్తిగా రాత్రంతా నడుస్తాయి. దాన్నే రిగ్రెషన్ అంటారు. నిన్న నెగ్గిన పరీక్ష ఇవాళ ఓడిపోతే, పగలు ఎవరో చేసిన మార్పులో తప్పుందన్నమాట. అది ఎక్కడో వెతకాలి. టేప్‌అవుట్, అంటే డిజైన్‌ని ఫ్యాక్టరీకి పంపే రోజు, దగ్గరపడితే ఇంటికి ఫోన్లు తగ్గుతాయి. అప్పుడు కోప్పడకండి.

తయారీ ఇక్కడ కాదు. ఇప్పటి ఎపిక్ కోర్ల డైలు తైవాన్‌కి చెందిన టీఎస్ఎంసీ ఫ్యాక్టరీల్లో తయారవుతాయి. డిజైన్, వెరిఫికేషన్ మాత్రం మన దగ్గర చాలా జరుగుతోంది. ఏఎండీకి, ఇంటెల్‌కి ఇద్దరికీ బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. 2008లో వచ్చిన ఆరు కోర్ల జియాన్ 7400, 190 కోట్ల ట్రాన్సిస్టర్లున్నది, ఇంటెల్ బెంగళూరు కేంద్రంలో రూపుదిద్దుకుంది. ఆ కబురు విన్న రోజు మా సర్వర్ రూములో అందరం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. మన దేశంలో 2020 నవంబరు జాబితాలో ప్రపంచంలో 63వ స్థానంలో నిలిచిన పరమ్ సిద్ధి సూపర్‌కంప్యూటర్‌లో ఉన్నవి రోమ్ తరం ఎపిక్‌లే. జెన్ మొదలుపెట్టింది 2012లో, సర్వర్ చిప్ వచ్చింది 2017లో. ఇవాళ మీ అబ్బాయి పట్టుకున్న తప్పు తాలూకు చిప్ కొన్నేళ్లకి గానీ బజారుకి రాదు. అందుకే మీకు చూపించడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. వాడి పేరు చిప్ మీదా ఉండదు. పండక్కి వచ్చినప్పుడు ‘ఈ ఏడాది నువ్వు పట్టుకున్న పెద్ద తప్పు ఏమిట్రా’ అని అడిగి చూడండి. గంటసేపు చెబుతాడు.

ప్రశ్న: మాది చిన్న స్టార్టప్. క్లౌడ్‌లో ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ మూడూ అద్దెకి దొరుకుతున్నాయి. కొన్ని సర్వర్లు సొంతంగా కొనాలని కూడా ఉంది. ఏది తీసుకోవాలి?
– మాదాపూర్, హైదరాబాద్

జవాబు: బ్రాండు చూసి కాదు, మీ పని నడిపి చూసి తీసుకోండి. క్లౌడ్‌లో ‘వీసీపీయూ’ అని అమ్మేది అన్నిచోట్లా ఒకటి కాదు. ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో చాలావరకు అది కోర్‌లో సగం, అంటే ఒక థ్రెడ్. అమెజాన్ గ్రావిటాన్ లాంటి ఆర్మ్ ప్రాసెసర్‌లో పూర్తి కోర్. అంకె చూసి ధరలు పోల్చుకుంటే లెక్క తప్పుతుంది. ఆర్మ్‌ది వేరే ఆదేశాల భాష, ఎక్స్86 కాదు. అందుకని దానికి వెళ్లేముందు మీరు వాడే ప్రతి లైబ్రరీ దాని మీద నడుస్తుందా చూసుకోండి. మీ కోడ్ మొత్తం మీ చేతిలోనే ఉంటే మారడం కష్టం కాదు. బయటివాళ్లు ఇచ్చిన, సోర్స్ లేని ముక్క ఒక్కటి ఉన్నా ఎక్స్86లోనే ఉండండి.

సొంతంగా కొంటే, ప్రాసెసర్ ధర కంటే ముందు సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాగితం చదవండి. చాలా డేటాబేస్‌లకి కోర్‌ల లెక్కన డబ్బు కట్టాలి. 2020లో, ఒకే యంత్రం మీద చాలా సర్వర్లు నడిపించే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ కూడా ఒక ప్రాసెసర్‌లో 32 కోర్లు దాటితే రెండో లైసెన్సు కావాలని మార్చింది. 64 కోర్లు చవగ్గా వచ్చాయని కొని, లైసెన్సుకి అంతకు ఎన్నో రెట్లు కట్టినవాళ్లని చూశాను. ఈ బాధ తెలిసే ఏఎండీ తక్కువ కోర్లు, ఎక్కువ వేగం, పెద్ద క్యాష్ ఉన్న రకాలు కూడా అమ్ముతుంది. మోడల్ నంబరులో ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. 2020లో వచ్చిన 7ఎఫ్52లో 16 కోర్లే, క్యాష్ మాత్రం 256 మెగాబైట్లు. మీది లైసెన్సు డేటాబేస్ అయితే కొటేషన్ అడిగేటప్పుడు ఆ రకానికి కూడా అడగండి. వెబ్ సర్వర్లు, కంటెయినర్లు అయితే కోర్లు ఎక్కువున్నదానికే వెళ్లండి. మెమరీ చానెళ్లు మాత్రం అన్నీ నింపించండి. 12 చానెళ్లున్న ప్రాసెసర్‌కి రెండే పెద్ద మెమరీ ముక్కలు పెట్టి అమ్మే కొటేషన్లు వస్తుంటాయి. అలాంటిదానికి సంతకం పెట్టకండి.